పాత మారుతి 800 మిస్సింగ్ కొడుతుంటే: లోపం ఎక్కడుందో పట్టి బాగుచేసే పద్ధతి

కార్బొరేటర్ మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడే సిలిండర్లు. అందులో ఒకటి పడుకుంటే మూడో వంతు బలం పోయినట్టే. సిగ్నల్ దగ్గర బండి వణుకుతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేరు అడుగుతుంది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన కొడుతుంది. దీన్నే షెడ్లలో మిస్సింగ్ అంటారు.

చాలామంది ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత లీడ్లు (ప్లగ్గులకు కరెంటు తెచ్చే వైర్లు), తర్వాత కాయిల్, చివరికి కార్బొరేటర్ విప్పుతారు. బిల్లు పెరుగుతుంది, మిస్సింగ్ ఉండిపోతుంది. ఒకవేళ పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. సామాను కొనే ముందు తేల్చాల్సింది ఒక్కటే: మిస్ అవుతున్నది ఒక సిలిండరా, లేక మూడూ మార్చి మార్చి తప్పుతున్నాయా?

ఎందుకంటే ఈ ఇంజన్‌లో కార్బొరేటర్ ఒక్కటే మూడింటికీ పెట్రోల్ ఇస్తుంది. స్పార్క్ పుట్టించి పంచే కాయిల్, కండెన్సర్, పాయింట్లు, రోటర్ కూడా మూడింటికీ ఉమ్మడి. ఉమ్మడి సామాను పాడైతే దెబ్బ మూడింటికీ తగలాలి. ఒక్క సిలిండరే ఆగితే తప్పు ఆ సిలిండర్ సొంత సామానులో ఉన్నట్టు: దాని ప్లగ్గు, దాని లీడు, డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూతలో దాని బొడిపె, దాని వాల్వులు, లేదా దాని పక్కన గాలి పీలుస్తున్న మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు వినండి

ఇంజన్ వేడెక్కాక స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, వదిలి సైలెన్సర్ దగ్గర నిలబడండి. మూడు సిలిండర్ల ఇంజన్‌కు కొంత వణుకు సహజం, దాన్ని లోపం అనుకోకండి. దెబ్బ ఒకే తాళంలో, లెక్క తప్పకుండా పడుతుంటే ఒక సిలిండర్ పూర్తిగా పోయింది. తాళం లేకుండా ఎప్పుడో ఒకసారి తప్పుతుంటే ఉమ్మడి సామాను మీద అనుమానం పెట్టుకోండి.

సైలెన్సర్ మూతికి కాస్త దూరంలో పలచటి గుడ్డ పీలిక పట్టుకోండి. పొగ తోసినప్పుడల్లా అది బయటికి ఎగరాలి. మధ్యమధ్యలో లోపలికి లాగుతుంటే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదేమోనని గుర్తు పెట్టుకోండి. తీర్పు మాత్రం సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ చెప్పాలి.

ఎప్పుడు వస్తుందన్నది కూడా రాసుకోండి. స్లోలో మాత్రమే ఉండి స్పీడులో పోతే గాలి లీకు, స్లో జెట్ (స్లోలో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం), బిగిసిన ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగంలో సందు చాలకపోవడం). ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు వస్తే స్పార్క్ బలహీనం, లేదా పెట్రోల్ చాలడం లేదు. వానలోనూ తెల్లవారుజామునా వచ్చి ఎండెక్కాక పోతే లీడ్లు, డెల్కో మూత. అరగంట నడిచాక మొదలై, ఇంజన్ ఆపి చల్లారనిస్తే మాయమైతే కాయిల్.

చేతిలో ఉండాల్సినవి

ప్లగ్గు పానా, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్, నీళ్ల స్ప్రే సీసా, పనిచేస్తున్న పాత ప్లగ్గు ఒకటి, రెండు చివర్లా క్లిప్పులున్న వైరు. టైమింగ్ లైటు అద్దెకైనా తెచ్చుకోవచ్చు.

మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. చున్నీ, లుంగీ అంచు, వదులు చేతుల చొక్కా బెల్టుకు దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా తనంతట తాను తిరగొచ్చు. నడుస్తున్న ఇంజన్‌లో లీడును వట్టి చేత్తో లాగితే వేల వోల్టుల షాకు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

పడుకున్న సిలిండర్‌ను పట్టడం

టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటో సిలిండర్, అక్కడి నుంచి వరుసగా రెండు, మూడు. లీడ్లు తీసే ముందు ఒక్కోదానికి టేపు చుట్టి అంకె రాయండి. మంట వరుస 1-3-2. మూడు లీడ్లలో రెండు తారుమారైతే ఒక్క సిలిండరే సవ్యంగా పనిచేస్తుంది, కార్బొరేటర్‌లోంచి తుపాకీ పేలినట్టు ఎదురు కొడుతుంది. ఇటీవలే ఎవరైనా లీడ్లు విప్పి ఉంటే ముందు ఇదే చూడండి.

ఇంజన్ ఆపి, ఒకటో లీడును ప్లగ్గు మీంచి తీసి, పాత ప్లగ్గుకు తొడిగి, ఆ ప్లగ్గు లోహపు ఒంటిని క్లిప్పు వైరుతో ఇంజన్‌కు ఎర్త్ చేయండి. పెట్రోల్ పైపులకు దూరంగా ఉంచండి. లీడును ఊరికే గాల్లో వదిలేస్తే ఆ కరెంటు దారి వెతుక్కుంటూ కాయిల్‌నో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండైతే మాడ్యూల్‌నో కాల్చేస్తుంది. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆగిపోకుండా రేసు కాస్త పెంచి పట్టుకుని వినండి. ఇదే పని రెండోదానికీ, మూడోదానికీ చేయండి.

బాగున్న సిలిండర్ లీడు తీస్తే ఇంజన్ ఇంకా కుంగుతుంది, ఆగినా ఆగుతుంది. పడుకున్నదాని లీడు తీస్తే ఏ తేడా ఉండదు. అదే మీకు కావలసిన సిలిండర్. మూడూ ఒకేలా కుంగితే లోపం ఉమ్మడి సామానులో ఉంది, కింద డెల్కో, కాయిల్, కార్బొరేటర్ భాగాలకు వెళ్లండి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో ఒక్కో పరీక్ష కొద్ది క్షణాల్లో ముగించాలి. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి చేరి మండితే అది ఎర్రగా కాలి పాడవుతుంది.

ప్లగ్గు ఏం చెబుతోంది

మూడు ప్లగ్గులూ తీసి, వచ్చిన వరుసలోనే కాగితం మీద పెట్టండి. తీసే ముందు గుంటల్లోని దుమ్ము ఊదేయాలి, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. మూతి లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ నీరసం. పెట్రోల్‌తో తడిసి ఉంటే ఆ సిలిండర్‌కు పెట్రోల్ వస్తోంది గానీ మంట అంటుకోవడం లేదు. నల్లగా ఆయిలు జిడ్డు ఉంటే రింగులో, వాల్వు సీళ్లో పోతున్నాయి, ఎన్ని ప్లగ్గులు మార్చినా మళ్లీ జిడ్డే. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువై వేడి మించుతోంది. పింగాణీ మీద వెంట్రుక లాంటి చీలిక కనబడితే ఆ ప్లగ్గు పారేయండి.

గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. పక్క ఎలక్ట్రోడ్‌నే వంచాలి, మధ్యదాన్ని కదిపితే పింగాణీ పగులుతుంది. ఎల్‌పీజీ కిట్ ఉన్న బండికి చిన్న గ్యాపే మేలు, గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. పడుకున్నది రెండో సిలిండర్ అనుకుందాం. దాని ప్లగ్గు ఒకటిలో, ఒకటిది రెండులో వేసి నడపండి. మిస్సింగ్ ఒకటికి మారితే ప్లగ్గు దోషి. రెండులోనే ఉంటే ప్లగ్గుకు సంబంధం లేదు. రూపాయి ఖర్చు లేని ఈ అదలాబదలీ కంటే నమ్మదగ్గ పరీక్ష లేదు.

హెడ్ అల్యూమినియం కాబట్టి ప్లగ్గు బిగించడంలో బలం చూపకండి. ముందు వేళ్లతోనే పూర్తిగా తిప్పాలి. కొత్త వాషర్ ఉన్న ప్లగ్గైతే కూర్చున్నాక అర చుట్టు, వాడిన ప్లగ్గైతే కొద్దిగా. వేళ్లతో తిరగకపోతే మర అడ్డంగా పడిందని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. కొత్త ప్లగ్గు మర పొడవు పాతదానితో సమానంగా ఉండాలి, పొడవెక్కువైతే పిస్టన్‌కు తగలొచ్చు.

లీడ్లు

చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా లీడ్ల మీదా డెల్కో మూత మీదా నీళ్లు మంచులా చల్లండి, తాకకండి. నీలి మెరుపులు పాకుతుంటే అక్కడే కరెంటు కారుతోంది. ఎలుకలు కొరికిన చోట్లు, సైలెన్సర్ పైపు వేడికి మాడిన చోట్లు పగలు కూడా కనబడతాయి.

మల్టీమీటర్‌తో లీడు ఈ చివర నుంచి ఆ చివరికి కొలవండి. కార్బన్ లీడ్లలో వేల ఓమ్‌లు రావడం సహజం, పొడవును బట్టి మారుతుంది. మూడింటిలో ఒకటి మిగతావాటికి ఎన్నో రెట్లు చూపినా, వంచినప్పుడు అంకె గెంతినా అది పోయినట్టే. లీడ్లు సెట్టుగానే మార్చండి. తీసేటప్పుడు రబ్బరు టోపీ పట్టుకుని లాగాలి. వైరు పట్టుకుని లాగడం వల్లే సగం లీడ్లు చచ్చిపోతాయి.

డెల్కో: ఓపిగ్గా చూడాల్సిన చోటు

డిస్ట్రిబ్యూటర్‌ను మన షెడ్లలో డెల్కో అనే అంటారు. క్యామ్‌షాఫ్ట్ చివర నుంచి తిరుగుతుంది, హెడ్‌కు గేరుబాక్సు వైపు ఉంటుంది. మూత తీసి వెలుగులో తిప్పి చూడండి. లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత ఒక బొడిపె నుంచి ఇంకోదానికో, అంచుకో పాకి ఉంటే అది కార్బన్ దారి. కరెంటు ఒకసారి ఆ దారి పట్టిందంటే తుడిచినా మళ్లీ అదే దారి పడుతుంది. మూత మార్చడమే మందు. మధ్యలోని కార్బన్ బొడిపె స్ప్రింగుతో ఆడుతోందా, అరిగిపోయిందా చూడండి. లోపల చెమ్మ ఉంటే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వానాకాలపు మిస్సింగ్ చాలాసార్లు ఇక్కడే తీరుతుంది.

రోటర్ మూతి నల్లబడితే పరవాలేదు, తినేసి పొట్టిదైతే మార్చాలి. కిందివైపు చీలిక కూడా చూడండి, అక్కడినుంచి కరెంటు షాఫ్ట్‌లోకి దిగిపోతుంది.

తర్వాత పాయింట్లు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్లలో ఇవి ఉండవు, ఈ భాగం దాటేయండి. పాయింట్లు రెండూ బూడిద రంగులో సమంగా ఉండాలి. ఒకదానిమీద గుంట, రెండోదానిమీద గుట్ట లేచి ఉంటే కండెన్సర్ మీద అనుమానం. గరుకు కాగితంతో రుద్దడం ఇంటికి చేరేదాకా పనికొస్తుంది, ఆ తర్వాత కొత్తవి వేయండి. ఇంజన్‌ను చేత్తో తిప్పి క్యామ్ మెట్టు సరిగ్గా పాయింట్ మడమ కింద నిలిచేలా చూసి, గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య పెట్టండి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో జరుగుతుంది. మడమకు పెసరగింజంత గ్రీజు చాలు. ఎక్కువైతే పాయింట్ల మీదికి చిమ్మి స్పార్క్ చంపేస్తుంది.

క్యామ్ మీద మెట్లు మూడు. మూడింటి దగ్గరా గ్యాప్ కొలవండి. ఒక మెట్టు దగ్గర 0.45, ఇంకో దగ్గర 0.3 వస్తే డెల్కో షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతోంది. పాయింట్లు ఎన్నిసార్లు సరిచేసినా ఏదో ఒక సిలిండర్ తప్పుతూనే ఉంటుంది. షాఫ్ట్‌ను వేళ్లతో పక్కకు ఊపితే ఆట తెలుస్తుంది. ఉమ్మడి సామాను ఒక్క సిలిండర్‌నే దెబ్బతీసే అరుదైన చోటు ఇది, అందుకే చాలామందిని మోసం చేస్తుంది.

ఇంకో దొంగ, డెల్కో లోపలి సన్నని వైరు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపేది) ప్లేటును లాగినప్పుడల్లా ఆ వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉండి లోపలి తీగ తెగుతుంది. స్లోలో బాగుంటుంది, తొక్కితే తప్పుతుంది. ఇంజన్ ఆపి, మల్టీమీటర్ పెట్టి ప్లేటును చేత్తో కదిపి చూస్తే దొరుకుతుంది.

పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా మారుతుంది. కాబట్టి ముందు పాయింట్లు, ఆ తర్వాతే టైమింగ్. వ్యాక్యూమ్ పైపు తీసి చివర మూసి, స్లోలో టైమింగ్ లైటుతో మాన్యువల్‌లో మీ మోడల్‌కు చెప్పిన డిగ్రీల దగ్గర నిలపండి.

కాయిల్, కండెన్సర్

ఎర్త్ చేసిన ప్లగ్గులో స్పార్క్ నీలంగా, టపటపమని శబ్దంతో రావాలి. పసుపుపచ్చగా, సన్నగా, శబ్దం లేకుండా వస్తే కాయిల్ గానీ కండెన్సర్ గానీ నీరసించింది. కండెన్సర్ ధర తక్కువ, ముందు దాన్నే మార్చి చూడొచ్చు. కండెన్సర్ పాడైతే పాయింట్ల మధ్య మంటలు లేస్తాయి, మూత తీసి చూస్తే కనబడతాయి.

కాయిల్ ప్రైమరీ రెండు కాళ్ల మధ్య సాధారణంగా 3 ఓమ్‌ల దరిదాపు ఉంటుంది, బయట రెసిస్టర్ ఉన్న రకమైతే అందులో సగం. సెకండరీ వేల ఓమ్‌లలో. చల్లగా కొలిస్తే అంకెలు బాగానే ఉండొచ్చు, అందుకే మిస్సింగ్ మొదలైన వేడిలోనే కొలవండి. వైర్లు తిరగేసి బిగిస్తే స్పార్క్ వస్తుంది కానీ బలం తగ్గుతుంది. పాయింట్ల వైరు నెగటివ్ కాలికే వెళ్లాలి.

గాలి లీకు

స్లోలో ఉంచి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అంచుల మీద, కార్బొరేటర్ అడుగు గ్యాస్కెట్ దగ్గర, వ్యాక్యూమ్ పైపుల మీద సబ్బునీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. పెట్రోల్ చల్లి చూసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో ఆట. నీళ్లు పడిన చోట ఇంజన్ లయ మారితే లీకు అక్కడే. బోల్టులు కొద్దికొద్దిగా, మధ్య నుంచి బయటికి బిగించండి. అప్పటికీ పోకపోతే గ్యాస్కెట్. బ్రేకు బూస్టర్ ఉన్న బండిలో దాని పైపును క్షణం నొక్కి పట్టి చూడండి.

పెట్రోల్ వైపు

ఫిల్టర్ ముందు పైపు విప్పి గాజు సీసాలో కాస్త పెట్రోల్ పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా తేలితే నీళ్లు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటుంది, అది చెమ్మను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ చెమ్మ ఎక్కువై ఎథనాల్‌తో సహా అడుక్కి దిగుతుంది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ డయాఫ్రమ్‌లు కూడా దానికి మెత్తబడి ఊడిపోతాయి, ఆ రబ్బరు పొట్టే జెట్లలో అడ్డం పడుతుంది. టాంకు ఖాళీ చేసి పైపులు మార్చాకే జెట్ల జోలికి వెళ్లండి.

స్లోలోనే తప్పుతుంటే, తాళంచెవి ఆన్ చేసినప్పుడు కార్బొరేటర్ మీద స్లో సోలనాయిడ్ (స్లో పెట్రోల్ దారిని కరెంటుతో తెరిచేది) టక్కుమంటోందా వినండి. శబ్దం లేకపోతే దాని వైరు, తర్వాత సోలనాయిడ్. శబ్దం ఉంటే స్లో జెట్ తీసి కార్బొరేటర్ క్లీనర్‌తోనూ గాలితోనూ ఊదండి. సూది, తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇక జన్మలో సెట్టింగ్ కుదరదు. స్లో నిమిషానికి 900 చుట్ల దరిదాపులో ఉంచి, పెట్రోల్, గాలి పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూను ఇంజన్ అన్నిటికంటే సాఫీగా తిరిగే చోట వదిలేయండి.

ఇంకా తేలకపోతే కంప్రెషన్

స్పార్క్ ఉండి, పెట్రోల్ ఉండి, ఒకే సిలిండర్ పడుకుంటే చూడాల్సింది కంప్రెషన్. నిజానికి ప్లగ్గులు తీసినప్పుడే ఇదీ చూసేస్తే రెండోసారి విప్పే పని ఉండదు. ఇంజన్ వేడిగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీయాలి, కాయిల్ వైరు విప్పాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. బ్యాటరీ బలంగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ అయిదారు కొట్లు కొట్టి అంకె రాసుకోండి.

అంకె ఎంతన్నదానికంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపు తేడా అయితే మంచిదే. రెండు, మూడు కిలోలు తక్కువైతే లోపం దొరికింది. ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా లేస్తే రింగులు, బోరు. లేవకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలింది. మూడూ సమానంగా తక్కువైతే, అందులోనూ బెల్టు మార్చాక మొదలైతే, టైమింగ్ బెల్టు పన్ను తప్పిందేమో గుర్తులు చూడండి.

వాల్వులని తేలగానే హెడ్ దింపేయకండి, ముందు ట్యాపెట్లు చూడండి. టకటకమనే ట్యాపెట్‌కు అందరూ భయపడతారు గానీ శబ్దం లేకుండా బిగిసినదే ప్రమాదం. వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట అంచుమీంచి దూరి దాన్ని కాల్చేస్తుంది.

సెట్టింగ్ ఇంజన్ పూర్తిగా చల్లారాకే. క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో ఇంజన్ తిరిగే వైపే తిప్పండి. డెల్కో రోటర్ ఒకటో లీడు బొడిపె వైపు చూస్తూ, పుల్లీ గుర్తు పిస్టన్ పైకొసను చూపినప్పుడు ఒకటో సిలిండర్ వాల్వులు రెండూ వదులుగా ఉంటాయి. చల్లటి ఇంజన్‌కు సాధారణంగా ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ., మీ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. ఫీలర్ గేజ్ కాస్త పట్టుతో జారాలి. లాక్‌నట్ బిగించాక మళ్లీ కొలవండి. క్రాంక్‌ను ఇంకో 240 డిగ్రీలు తిప్పితే మూడోది, మరో 240కి రెండోది. వాల్వు కవరు గ్యాస్కెట్ కొత్తది వేయండి, పాతది కారితే ఆ ఆయిలు ప్లగ్గు లీడ్ల మీదే పడుతుంది.

ట్యాపెట్ సరిచేశాక కొద్ది కిలోమీటర్లు నడిపి కంప్రెషన్ మళ్లీ చూడండి. అంకె లేవకపోతే ఇక హెడ్ దింపి వాల్వులు గ్రైండ్ చేయించాల్సిందే. హెడ్ సమంగా ఉందో లేదో లేత్ షాపులో అప్పుడే చూపించండి.

ఎంపీఎఫ్‌ఐ బండైతే

దారి ఇదే, కార్బొరేటర్ స్థానంలో ఇంజెక్టర్లు వస్తాయి. స్కానర్ పెట్టే వీలున్న బండిలో పి0301, పి0302, పి0303 కోడ్లు వరుసగా ఏ సిలిండరో చెబుతాయి, పి0300 అంటే మార్చి మార్చి తప్పుతోంది. కోడ్ సిలిండర్‌ను చూపిస్తుంది, పాడైన సామానును కాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజెక్టర్ మీద పెడితే టిక్కుటిక్కు వినబడాలి. ఒకటి మూగగా ఉంటే ముందు దాని కనెక్టర్ చూడండి. ఇక్కడ ఇంజెక్టర్ కూడా ఏ సిలిండర్‌ది దానికే, అదలాబదలీ పరీక్ష దానికీ చేయొచ్చు.

బాగయ్యాక

ఇంజన్ వేడి చేసి, మూడో గేరులో తక్కువ స్పీడు నుంచి ఒక ఎత్తు ఎక్కించండి. స్లోలో బాగుండి బరువు మీద తప్పేవి ఇక్కడే బయటపడతాయి. హెడ్‌లైట్లు, ఫ్యాను అన్నీ వేసి స్లోలో నిలకడగా ఉందో చూడండి. 500 కిలోమీటర్ల తర్వాత మూడు ప్లగ్గులూ మళ్లీ తీసి పక్కపక్కన పెట్టండి. రంగు మూడింటికీ ఒకటే ఉండాలి. ఒకటి తడిగానో నల్లగానో కనబడితే ఆ సిలిండర్ కంప్రెషన్ మళ్లీ కొలవండి, పాయింట్ల బండైతే డెల్కో షాఫ్ట్ ఆట ఇంకోసారి చూడండి.